ఊదితే పోయే దోమ

పిల్లాడు మంచం మీద గంతులేస్తూ కిందపడ్డాడు. తల గచ్చుకు కొట్టుకుంది.

వాడికి నుదుటి మీద బొప్పి కట్టింది. తల్లి ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని వాణ్ణి ఆస్పత్రికి ఎత్తుకొచ్చింది.

"రక్తపరీక్ష చేద్దాం," అన్నాడు డాక్టరు. "దెబ్బ మెదడుకు తగిలిందేమో రక్తమే చెబుతుంది. రిపోర్టు బాగుంటే స్కానింగ్ అక్కర్లేదు. ఇంటికెళ్లిపోవచ్చు."

"బాగోకపోతే?"

"అప్పుడు చూద్దామమ్మా."

ఆమె పిల్లాణ్ణి ఇంకా గట్టిగా హత్తుకుంది.

నర్సు సూది తీసిందో లేదో, పిల్లాడు ఆస్పత్రి కప్పు ఎగిరిపోయేలా ఏడుపు లంకించుకున్నాడు. చెయ్యి చాపితే ఒట్టు!

వరండా బెంచీ మీదున్న ఒకాయన లేచి గదిలోకి వచ్చాడు. జుట్టు రేగిపోయి, చొక్కా నలిగిపోయి ఉన్నాడు.

"ఏరా హీరో! నర్సమ్మ చేతిలో దోమ ఉందిరా. ఊదితే పారిపోతుంది. ఏదీ, ఊదు!"

బుగ్గలు పూరించి, గుడ్లు తిప్పుతూ తనే ఊదాడు. పిల్లాడు ఏడుస్తూనే కిసుక్కున నవ్వాడు.

తల్లికి ఒళ్లు మండిపోయింది.

"మా ప్రాణాలు పోతుంటే మీకు వేళాకోళంగా ఉందా? మీ పిల్లలకొస్తే తెలిసేది!"

ఆయన మొహంలో నవ్వు ఒక్క క్షణం ఆగింది. మళ్లీ పిల్లాడి వైపు తిరిగాడు.

"ఇంకా గట్టిగా ఊదాలిరా నాన్నా!"

వాడు ఊదుతూండగానే నర్సు పని కానిచ్చేసింది. ఆయన వెళ్లి మళ్లీ బెంచీ మీద కూర్చున్నాడు.

రిపోర్టు వచ్చేదాకా ఆమె కూర్చోలేదు, నిలబడనూలేదు. పిల్లాడు ఆవలించినా భయమే, తుమ్మినా భయమే.

చివరికి డాక్టరు వచ్చాడు.

"రిపోర్టు బాగుందమ్మా. స్కానింగ్ వద్దు. వాంతులైనా, మత్తుగా పడుకున్నా మాత్రం వెంటనే తీసుకొచ్చేయండి."

ఆమెకు పోయిన ప్రాణం లేచొచ్చింది. దాని వెనకే సిగ్గూ వచ్చింది. పాపం, ఆయన నవ్వించకపోతే వాడు చెయ్యి ఇచ్చేవాడా?

పిల్లాణ్ణి చంకనేసుకుని వరండాలోకి వచ్చింది. బెంచీ ఖాళీగా ఉంది.

"ఇందాకటి ఆయన ఏరండీ? నోరు జారాను. ఒక్క మాట చెప్పి వెళ్తాను."

నర్సు గొంతు తగ్గించింది.

"రక్తం ఇవ్వడానికి పరిగెత్తారమ్మా. పొద్దున వాళ్ల పాపకూ ఇదే పరీక్ష చేశాం, రిపోర్టు బాగోలేదు. ఇందాక మీరు కేకలేసేటప్పటికే లోపల ఆ పాప తలకు ఆపరేషన్ జరుగుతోంది."