గొడుగులాయన నాడి

ఇలా దగ్గరగా వచ్చి కూర్చో తల్లీ. ఒక డాక్టరమ్మ కథ చెబుతాను. చిన్నదే. విన్నాక మరిచిపోకు, నీలోనే దాచుకోకు, పదిమందికీ చెప్పు.

"కళ్ళు తిరుగుతున్నాయంటే సరిపోదు పెద్దాయనా," అంది డాక్టరమ్మ విసుగ్గా. వరండా నిండా జనం. ఎదురుగా స్టూలు మీద గొడుగులు బాగుచేసే ఆయన, తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని బిగుసుకుని కూర్చున్నాడు. "మా చదువులో దాన్ని గిడ్డీనెస్ అంటారు. మాట ఒకటే గాని అందులో నాలుగు జబ్బులు దాక్కుంటాయి. గది గిర్రున తిరుగుతుందా? ఒళ్ళు తూలుతుందా? కళ్ళకు చీకట్లు కమ్ముతాయా?"

"చీకట్లేనమ్మా," అన్నాడు గొడుగులాయన, పాఠం అప్పజెప్పే పిల్లాడిలా. "కుట్టుమిషను తొక్కి లేవగానే గోడ పట్టుకుని నిలబడిపోవడమే. పెదాలు తెల్లబడతాయి."

"అప్పుడు కూడా అద్దం చూసుకుంటావా? మంచి సోకే," అంది పక్కనున్న నర్సు.

"అద్దమెందుకమ్మా, కనబడుతూనే ఉంటాయి."

"ఎప్పటినుంచి?" అడిగింది డాక్టరమ్మ.

"వానలు పట్టినప్పటినుంచి. పని ఎక్కువైంది కదా. అడిగితే ఏమీ లేదనడం, ఆస్పత్రంటే మొండికేయడం."

"మొండితనం మగాళ్ళకు పుట్టుకతో వచ్చేదేలే," అంది నర్సు.

ఆయన నవ్వలేదు. "గుండెదడ కూడా ఉంటుందమ్మా. అదొక్కటి బాగా చూడండి."

డాక్టరమ్మ మంచిదే. విసుక్కుందే గాని పనిలో లోటు చేయలేదు. నాడి పట్టింది. కింది రెప్పలు లాగి చూసింది. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూసింది. గుండెకు తీగలు తగిలించి కాగితం తీయించింది. ఎంత వెతికినా వీసమెత్తు దోషం కనబడలేదు.

"నీ గుండె గుండ్రాయిలా ఉంది పెద్దాయనా. వేళకు తిను, నీళ్ళు తాగు. అంతే."

గొడుగులాయన తువ్వాలుతో కళ్ళొత్తుకున్నాడు. "భయం లేదంటారా?"

"లేదంటున్నాగా."

"భయపడి మిషను ఆపేయించానమ్మా. మళ్ళీ తొక్కొచ్చా?"

"నిక్షేపంగా తొక్కొచ్చు."

ఆయన రెండు చేతులూ జోడించి, చెప్పులు కూడా మరిచిపోయి వెళ్ళిపోయాడు. నర్సు వాటిని గుమ్మం పక్కకు జరిపింది.

సాయంత్రం డాక్టరమ్మ ఇంటికి బయలుదేరుతుంటే గేటు దగ్గర తోపుడుబండి ఆగింది. విరిగిన గొడుగుల మధ్య ఒక ఆడమనిషి పడుకుని ఉంది. వేళ్ళకు నల్లదారం ఇంకా చుట్టుకునే ఉంది. పెదాలు సున్నం కొట్టినట్టున్నాయి. బండి తోసుకొచ్చింది గొడుగులాయనే. కాళ్ళకు చెప్పులు లేవు.

డాక్టరమ్మ పరుగున వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. మెడ దగ్గర చూసింది. మళ్ళీ మణికట్టే పట్టుకుంది. ఆ తరవాత ఆ చేతిని మెల్లగా ఆమె గుండెల మీద పెట్టింది.

"ఎవరు పెద్దాయనా ఈమె?"

"మా ఇంటిదమ్మా. పొద్దున చెప్పిన కళ్ళు తిరగడం దీనిదే. ఎంత బతిమాలినా రానంది. ఇన్నేళ్ళుగా ఒకే కంచం, ఒకే పక్క కదా... నా నాడి చూస్తే దీనిది చూసినట్టే అనుకున్నాను."