బిగుసుకున్న డ్రమ్ము

“వద్దు ముర్తుజా, గట్లనే ఉండనియ్,” అన్నాడు డ్రైవర్ మొగులప్ప.

“చక్రం బిగుసుకపోయి కదుల్తలేదు, ఇంకెవల్తోని గాలె. ఆ పాపపు కారు నా వాకిట్ల ఉండొద్దు. నువ్వు తియ్యి,” అంది అతని భార్య భీమమ్మ.

ముర్తుజా తుప్పు పట్టిన బ్రేకు డ్రమ్ము చుట్టూ కిరసనాయిలు పోసి, సుత్తెతో కొట్టాడు.

మూడేళ్ల కింద మొగులప్ప నడుపుతుండగా ఈ కారు చెట్టుకు గుద్దుకుని వాళ్ల పాప పోయింది. ముర్తుజా ఈ చక్రానికి వేసిన బ్రేకు లైనర్లు ఊడిపోయాయన్నాడు మొగులప్ప. ఆ తర్వాత తాండూరులో ఎవరూ ముర్తుజాకు రిపేరుకు బండి ఇవ్వలేదు. నాపరాళ్లు కొట్టి బతుకుతున్నాడు.

డ్రమ్ము ఊడింది. లైనర్లు రెండూ బిగించినవి బిగించినట్టే ఉన్నాయి.

భీమమ్మ మొగుడి వైపు తిరిగింది.

“ఆ దినం నడుపుతుంటే కన్నంటుకున్నదే,” అన్నాడతను.

ముర్తుజా సుత్తె కింద పెట్టాడు.

“పాపకు పిడికెడు మన్నెయ్యనీకి గూడ నన్ను రానియ్యకపోతివి గదనే, అన్నా.”