నక్క రాసిన జాబితా

అడవిలో ఎవరి కొలువు ఎంత పెద్దదో తేల్చి నక్క జాబితా చదివింది. రాబడిలో తేనెటీగలది పైచేయి, పనివాళ్ల సంఖ్యలో చెదపురుగులది. మూడో స్థానం దక్కిన చీమల రాణికి ఒళ్లు మండిపోయింది.

"మావాళ్లను సరిగ్గా లెక్కపెట్టావా నక్క బావా?" అని నిలదీసింది.

"నాదేముందమ్మా, ఎలుగుబంటిగారు అడిగారు, రాసిచ్చాను."

ఆ మాట రాణి చెవికెక్కలేదు. సాయంత్రానికల్లా ఎలుగుబంటి జాబితా వరసనే బయల్దేరి తేనెపట్టు పిండుకు తాగింది, పుట్ట తవ్వి చెదలన్నిటినీ పీల్చేసింది. మూతి నాక్కుంటూ చీమల పుట్టవైపు తిరిగింది.

రాణి ఆయాసపడుతూ నక్క దగ్గరికి పరుగెత్తింది.

"ఇప్పుడు మొదటి స్థానం మాదే కదా బావా? తొందరగా మా పేరు పైకెక్కించు. ఎలుగుబంటిగారు మావైపే చూస్తున్నారు."