నూటికి నూటైదు

“నూటికి నూటైదు తెచ్చుకున్న పిల్ల పేరు కొట్టేస్తారా? ఇదేం న్యాయం సార్?”

పేరమ్మ చేపల గంపను బడి వరండాలో దించి, కొంగు నడుముకు బిగించి మరీ స్టాఫ్ రూములోకి వచ్చింది. పదో తరగతి చదివే కూతురు మహాలక్ష్మి అప్పటికే కళ్లు ఉబ్బేలా ఏడ్చి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. రేపు నెల్లూరులో జిల్లా సైన్సు ఫెయిరు. బడి నుంచి ఒక్కరికే అవకాశం. ఆ ఒక్కరూ తన కూతురేనని పేరమ్మ నిన్ననే రేవంతా చాటింపు వేసి వచ్చింది.

“అవి మార్కులు కాదు పేరమ్మా” అన్నాడు ఫిజిక్సు చెప్పే మాథ్యూ సారు. “దక్షత అంటారు. కప్పీతో బరువు లాగేటప్పుడు మనం పెట్టిన శక్తిలో నూటికి ఎంత అక్కరకొచ్చిందో చెప్పే లెక్క. రాపిడికి కొంత పోతుంది. కాబట్టి వందకు తక్కువే రావాలి.”

“మిగతా పిల్లకాయలకు ఎంతొచ్చినాది?”

“డెబ్బై, డెబ్బై అయిదు.”

“మా పిల్లకు నూటైదు! ఎవురు గొప్పో మీరే చెప్పండి.”

మాథ్యూ సారు తల పట్టుకున్నాడు. “గంపలో వంద చేపలు వేసుకుని బయల్దేరితే, ఊళ్లో నూటైదు దిగుతాయా అమ్మా?”

“దిగవు” అని పేరమ్మ అయిష్టంగానే ఒప్పుకుంది.

“ఇదీ అంతే. ఎక్కడో దొంగలెక్క ఉంది.” ఆయన మహాలక్ష్మి ప్రయోగానికి తెచ్చిన ఇసుక మూటను బడిలోని స్ప్రింగ్ త్రాసుకు తగిలించాడు. ముల్లు ఎనిమిది వందల గ్రాముల దగ్గర ఆగింది. “చూడు. దీన్ని కిలో అని రాసింది. లేని బరువు ఉందని రాస్తే నూటైదేం ఖర్మ, రెండొందలూ వస్తుంది. అబద్ధం రాసే పిల్లను నెల్లూరికి ఎట్టా పంపేది?”

“నేను అబద్ధం రాయలేదు సార్! మా అమ్మ కాటా మీదే తూచినాను. కిలో చూపించినాది” అంది మహాలక్ష్మి వెక్కుతూ.

“ఆ కాటా మాకు తెలీదా? టీచర్లందరం దాని మీద తూచిన చేపలే తింటున్నాం. తప్పు దాని మీదికి నెట్టేస్తావా?”

“లేదు సార్. మా అమ్మ కాటా తప్పు చెప్పదు. మీ త్రాసే తప్పు!”

పిల్ల ఆ కాటాను ఇంతగా నమ్మిందని పేరమ్మకు ఇప్పటిదాకా తెలియదు. ఎదురు బల్ల దగ్గర హిందీ చెప్పే ఎలిశబెతు మేడం క్యారియర్ తెరిచి వంజరం చేపల పులుసు కలుపుకుంటోంది. నిన్న పేరమ్మ తూచి ఇచ్చిన వంజరమే అది. ఈలోగా మాథ్యూ సారు ఎర్ర పెన్ను తీసి నెల్లూరికి పంపాల్సిన కాగితం మీద మహాలక్ష్మి పేరు వెతుకుతున్నాడు.

“ఆగండి సార్!” పేరమ్మ అరిచింది. “పిల్ల తప్పేం లేదు. నా కాటానే అట్టాంటిది. ఎనిమిది వందలు పెడితే కిలో చూపిస్తాది. నేనే చేయించినాను.”

ఎలిశబెతు మేడం చేతిలో ముద్ద నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. మహాలక్ష్మి వెక్కడం ఆపి తల్లి వంక చూసింది. పేరమ్మ సిగ్గుతో చచ్చిపోయింది.

మాథ్యూ సారు మాత్రం అదే పెన్నుతో గబగబా లెక్క వేశాడు. “కిలో తీసేసి ఎనిమిది వందలు వేస్తే... ఎనభై నాలుగు! క్లాసులో ఇదే ఎక్కువ. పొద్దున ఏడు గంటల బస్సుకు సిద్ధంగా ఉండు మహాలక్ష్మీ.”

పేరమ్మకు పోయిన ప్రాణం లేచివచ్చింది. “ఈ పొద్దే కాటా బాగు చేయిస్తాను సార్, బిడ్డ మీద ఒట్టు. అయినా ఏం సుఖం? నాలుగేళ్లుగా కిలోకు రెండొందల గ్రాములు లాగతానే ఉండాను. ఒక్క రూపాయి ఎక్కువ మిగిలింది లేదు. ఏడికి పోతాండాదో ఏమో!”

మాథ్యూ సారుకు అనుమానం వచ్చింది. “రేవులో పడవల దగ్గర చేపలు కొంటావే, అవి ఏ కాటా మీద తూస్తావు?”

“నా కాటా మీదే సార్” అంది పేరమ్మ రోషంగా. “ఆళ్ల కాటాలు నమ్మేదానికుండాదా?”