మాస్టుకి అతుకు

ఏలూరులో తాహిర్ వెల్డింగ్ షాపు ముందు, రెండు స్టూళ్ళ మీద పడవలో తెరచాప ఎత్తే మాస్టు పడుకుని ఉంది. మంచి అల్యూమినియం గొట్టం. చేతులు చాచినట్టు రెండు అడ్డరాడ్లు బిగించేచోట నెర్రె విచ్చింది.

"వెల్డింగ్ పెట్టేస్తానండి," అన్నాడు తాహిర్.

పడవ యజమాని భానుప్రకాష్ ముక్కు చిట్లించాడు. "ఆ వేడికి చుట్టుపక్కలంతా మెత్తబడి చస్తుంది. లోపల ఇంకో గొట్టం స్లీవులా దూర్చి రివెట్లు కొట్టు. ఏమీ తెలీకుండానే షాపులు తెరిచేస్తారు."

"అలాగేనండి."

భానుప్రకాష్ చెప్పింది నిజమే. గోవాలో నెల్లాళ్ళుండి తెరచాప పడవ నడపడం నేర్చుకొచ్చాడు, పడవ సంగతి అతనికి బాగా తెలుసు. మనుషుల దగ్గర తెలుసుకోవలసింది ఏమీ లేదని మాత్రం ఎవరూ నేర్పకుండానే నమ్మాడు.

పోయిన ఆదివారం తాడేపల్లిగూడెం నుంచి అత్తవారిని పిలిచి, కొల్లేరులోకి పోయే కాలువలో తెరచాప ఎత్తాడు. చేపల చెరువుల మధ్య, ఈ గట్టు నుంచి ఆ గట్టుకి లాగిన తీగలు మాస్టుకి తగిలాయి. మాస్టు పగిలి వాలిపోయింది. దోనెలో గడ వేసుకుంటూ వచ్చిన ఓ ముసలాయన పడవని ఒడ్డుకి లాగాడు. బావమరిది అంతా వీడియో తీశాడు. అత్తగారు కూడా నవ్వింది.

ఆ పరువు తిరిగి రావాలి. ఈ ఆదివారం వాళ్ళందరినీ మళ్ళీ రమ్మన్నాడు.

"కొంగలు వాలకుండా తీగలు కట్టుకుంటారు. కాలువేమన్నా వీళ్ళ సొత్తా?" అన్నాడు. "స్లీవు మందంగా వెయ్యి. ఈసారి తెగితే ఆ తీగలే తెగాలి."

ఫోన్ మోగింది. చెరువు యజమానురాలు దుర్గాభవాని.

"ఏవండీ, మళ్ళీ ఆ దారినే వస్తారటగా. కాస్త చూసుకోండి. ఆ తీగలు తెగితే మా చేపలు దక్కవండి."

"కొంగలు కూడా బతకాలిగా మేడమ్."

"అది కాదండీ..."

కట్ చేశాడు. చేపలమ్ముకునే మనిషి తనకి చెప్పేదేమిటి?

ఆదివారం గాలి బాగుంది. అత్తవారు గట్టు మీద వరసగా నిలబడ్డారు. బావమరిది ఫోన్ పైకెత్తి పట్టుకున్నాడు. మాస్టు కాస్తయినా వణకలేదు. తాహిర్‌కి ఒక మంచి మాట దక్కవలసింది, దక్కలేదు.

ఎదురుగా తీగలు కనబడ్డాయి. అవతలి గట్టు మీద దుర్గాభవాని రెండు చేతులూ ఊపుతూ పరుగెత్తుకొస్తోంది. ఏదో అరుస్తోంది కానీ గాలికి వినబడటం లేదు. వినబడినా అతను వినే రకం కాదు.

"చేపల గోల," అనుకున్నాడు భానుప్రకాష్. తెరచాప బిగించి, పడవని సూటిగా తీగల మీదికి పోనిచ్చాడు.

ఆమె వెనక చెరువులో, పోయిన ఆదివారం కరెంటు కోతకి ఆగిపోయి ఉన్న, చేపలకి గాలి అందించే ఏరేటర్లు, కాలువ దాటి వచ్చే ఆ తీగల్లోని కరెంటుతోనే నురగలు కక్కుతూ తిరుగుతున్నాయి.