ఆలివ్ గింజల హారం

పండుగ దగ్గర పడేకొద్దీ స్తమాతీస్ ముఖం చిన్నబోతోంది.

ఊరంతా ఈస్టర్ కోసం ఎదురుచూస్తోంది. అతనొక్కడే అది రాకపోతే బాగుండుననుకుంటున్నాడు. ఆలివ్ పళ్ళతో గడిపే ఈ ఉపవాసాలు ముగిస్తే మాంసం వస్తుంది, జున్ను వస్తుంది, గుడ్లు వస్తాయి. అప్పుడిక ఆలివ్ పళ్ళు ఎవరు తింటారు? పళ్ళు తినకపోతే గింజలెక్కడివి? గింజలు లేకపోతే జొయీ ఎందుకొస్తుంది?

గ్రీసు దేశపు కలమాత రేవు వెనక సందులో అతనిదొక చిన్న దుకాణం. జనం తిని ఉమ్మేసిన ఆలివ్ గింజలను ఉడకబెట్టి, తోమి, ఎండబెట్టి, కొనలు అరగదీసి, తొలిచి, నూనె పట్టించి పూసలు చేస్తాడు. కాఫీ దుకాణాల్లో మగవాళ్ళు వేళ్ళ మధ్య టకటకలాడించే దండల్లో సగం అతని చేతివే. పూసలతో గడిపినంత సులువుగా మనుషులతో మాట్లాడలేడు.

ఉపవాసాలు మొదలైన వారంలోనే జొయీ మొదటిసారి వచ్చింది. "పారేయబుద్ధి కాలేదండీ" అంటూ గుప్పెడు గింజలు బల్ల మీద పోసింది. ఆనాటి నుంచి వస్తూనే ఉంది. గుప్పెడు దోసెడైంది. దోసెడు సంచీ అయింది.

ఆ గింజలను చూస్తే స్తమాతీస్‌కు ముచ్చటేసేది. ఒక్కదాని మీదైనా పిసరంత కండ మిగిలేది కాదు. ఎంత ఇష్టంగా చప్పరిస్తుందో! వాటిని అతను అమ్మలేదు. ఒకే తీరువి ఏరి, రహస్యంగా ఒక హారం గుచ్చుతున్నాడు. అన్నింటిలోకీ నున్నని గింజను చొక్కా జేబులో దాచుకున్నాడు. ఎవరూ లేనప్పుడు తీసి, అటూ ఇటూ చూసి, ముద్దు పెట్టుకునేవాడు.

ఎదురు క్షౌరశాల బాబీస్ కళ్ళు అతని కత్తికన్నా పదునైనవి.

"ఒరేయ్ స్తమాతీ, ఆ పిల్లకి నీ మీద మనసుందనుకుంటున్నావా?"

"నేనేమీ అనుకోవట్లేదు."

"మంచిది. ఎవరింట్లోనైనా చెత్తబుట్ట నిండితే సందు చివర పారబోస్తారు. ఆ సందు చివర నువ్వున్నావు, అంతే. పండగ వెళ్ళనీ, ఆమె నీ గడప తొక్కితే నా మీసం తీయించేస్తా!"

తీయించడమెందుకు, కత్తి నీ చేతిలోనే ఉందిగా అందామనుకున్నాడు స్తమాతీస్. కానీ బాబీస్ మాట నిజమేనేమోనన్న భయంతో, చేతిలోని గింజనే మళ్ళీ మళ్ళీ తోమాడు.

పండుగ రానే వచ్చింది. కడ్డీలకు గుచ్చిన గొర్రెపిల్లలు నిప్పుల మీద గిరగిర తిరిగాయి. ఎర్రరంగు వేసిన పండుగ గుడ్లు పందెంలో ఒకదానికొకటి తగిలి పగిలాయి. ఊరంతా తిని, తాగి, ఆడి అలసిపోయింది.

మంగళవారం దుకాణం తలుపు కిర్రుమంది. జొయీ! చేతిలో సంచీ. మునుపటికన్నా బరువైనది.

"పండుగ వెళ్ళాక కూడానా?" స్తమాతీస్ నోట ఎలాగో మాట పెగిలింది.

"మా ఇంట్లో మూడు పూటలా ఇవేనండీ" అంది ఆమె, ఎందుకో ఎర్రబడిపోతూ. "శుక్రవారం నా పేరు పండగ. తలుపు తీసే ఉంటుంది." జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది.

బాబీస్ మీసం మీద చెయ్యి అడ్డం పెట్టుకుని తన క్షౌరశాల లోపలికి జారుకున్నాడు.

ఒక పేరున్న వాళ్ళంతా ఏటా ఒకే రోజున జరుపుకునే ఈ పేరు పండుగకు పిలుపులుండవు. ఎవరైనా వెళ్ళవచ్చు, చేతిలో ఏదో ఒకటి ఉంటే చాలు.

"మిఠాయి పట్టుకెళ్ళరా మొద్దూ" అన్నాడు బాబీస్ శుక్రవారం ఉదయం.

స్తమాతీస్ నవ్వి ఊరుకున్నాడు. జొయీకి ఏమిటిష్టమో అతనికి తెలియదా! బజారంతా తిరిగి, ప్రతి దుకాణంలోనూ రుచి చూసి, మేలిరకం ఆలివ్ పళ్ళు పెద్ద జాడీ నిండా తీసుకున్నాడు. హారం జేబులో వేసుకున్నాడు. జాడీ చూసి జొయీ ముఖం వెలిగిందా, హారం ఇచ్చి మనసులో మాట చెప్పేయాలి. వెలగలేదా, జాడీ అక్కడ పెట్టి వచ్చేయాలి. మళ్ళీ ఆ ఊసెత్తకూడదు.

సాయంత్రం చంటిబిడ్డలా జాడీని చంకనెత్తుకుని వెళ్ళాడు. నీలం గౌనులో జొయీ ఎదురొచ్చింది. లోపల బల్ల చుట్టూ అమ్మ, నాన్న, ఇద్దరన్నలు. చివర బోసినోటి తాత, బుగ్గన ఏదో పెట్టుకుని చప్పరిస్తున్నాడు.

స్తమాతీస్ జాడీని బల్ల మీద పెట్టి, మీది గుడ్డ తీశాడు.

చిన్నన్న చేతిలోని ఫోర్కు జారిపడింది. నాన్న గుండెల మీద సిలువ గుర్తు వేసుకున్నాడు. తాత బుగ్గలోని గింజను పళ్ళెంలోకి టంగుమని ఉమ్మి, "మళ్ళీనా!" అన్నాడు దీనంగా. జొయీ రెండు చేతులతో ముఖం కప్పేసుకుంది.

స్తమాతీస్ జేబులో హారం రాయిలా బరువెక్కింది.

"క్షమించండమ్మా" అన్నాడు ఆమె తల్లితో, వెనక్కి అడుగు వేస్తూ. "జొయీకి ఇష్టమని..."

"జొయీకా! పండగనాడు మాంసం పక్కన కూడా ఇవే వడ్డించి, గింజలు లెక్క అప్పజెప్పేదాకా మమ్మల్ని బల్ల దగ్గర్నుంచి లేవనివ్వలేదు గానీ నాయనా, ఆ మహాతల్లి పుట్టి బుద్ధెరిగాక ఒక్క ఆలివ్ పండు నోట పెట్టలేదు!"