బాదం గింజంత ఇన్‌చార్జి

“చెద్దరు తియ్యక్కా! జల్దీ తియ్!”

మధులత ఎంత అరిచినా ఆరాధన చెద్దరు వదల్లేదు. చర్చి గుమ్మం ముందు ఆరాధన భర్త వాసు వెల్లకిలా పడి ఉన్నాడు. ఒళ్లు పెనంలా కాలుతోంది. కాళ్లూ చేతులూ ఉండుండి ఎగిరిపడుతున్నాయి.

“చలిజరం సిస్టర్. కప్పకుంటే ఎట్ల? మాత్ర ఉంటే ఇయ్యి.”

“జరం గాదక్కా, ఎండదెబ్బ. ఒంటి మీద చెమట చుక్కన్న ఉన్నదా చూడు.”

మధులత దవాఖానాలో నర్సు. డ్యూటీ దిగి, చర్చి ఎదుటి కొట్టులో ఆదివారం చేపలు కొనుక్కుంటూ కేకలు విని పరుగెత్తుకొచ్చింది. సంచిలోంచి థర్మామీటర్ తీసి పెట్టి చూసి పెదవి కొరుక్కుంది. నూట ఏడు.

వాసు మణుగూరు ఉపరితల బొగ్గు గనిలో పనిచేస్తాడు. ఎప్పటిలాగే భార్యను ప్రార్థనకు దించి, ఎర్రటి మే ఎండలో బండి మీద కూర్చున్నాడు. చర్చి వసారాలో బోలెడంత నీడ. మెట్టెక్కితే సరిపోయేది. ఎక్కడు! పెళ్లయిన నాటి నుంచీ ఒకటే మాట: “నీ దేవుడు నీకు, నా దేవుడు నాకు. ఆ తొట్టిల మునిగిననాడు నా పేరు వాసు కాదు.”

ఆ తొట్టి చర్చి పక్కనే రేకుల నీడలో ఉంది. బాప్తిస్మం తీసుకునేవాళ్లు అందులో తలతో సహా నిండా మునగాలి. అలా మునిగితేనే లెక్క. ఆ మధ్యాహ్నం ఇద్దరికి ఇవ్వాల్సి ఉండటంతో పాస్టర్ ఎబినేజర్ పొద్దున్నే బోరు నీళ్లతో నింపించారు.

“మాత్రేస్తే ఎందుకు తగ్గదు సిస్టర్?” ఆరాధన ఏడుస్తూ అడిగింది.

మధులత వాసు చొక్కా గుండీలు విప్పుతూనే చెప్పింది. “మెదడు అడుగున బాదం గింజంత జాగా ఉంటదక్కా. ఒంటి వేడికి అదే షిఫ్ట్ ఇన్‌చార్జి. జరమొస్తే ఆ ఇన్‌చార్జే కావాల్నని వేడి పెంచుతడు, మాత్రేస్తే మాట వింటడు. ఇప్పుడు ఇన్‌చార్జే పడిపోయిండు. మాత్రేసి ఎవలకు చెప్తవ్?”

వసారా నీడలో చేరిన కోతులు తలలు వంచి ఇదంతా చూస్తున్నాయి.

“ఆటికీ మనకూ ఒక్కతీరే ఉంటదది,” అంది మధులత. “కాకపోతే అది నీడకు పొమ్మంటే కోతులు పోతయ్. మీ ఆయన పోడు.”

108 అంబులెన్సు ఇంకా పినపాక దగ్గరే ఉందని ఎవరో ఫోన్ పట్టుకుని చెప్పారు.

“అది వచ్చేదాక ఆగితే మెదడు ఉడికిపోతది. మెడ దాక చల్లటి నీళ్లల్ల పెట్టాలె.”

అందరి కళ్లూ తొట్టి మీద పడ్డాయి. ఆరాధన వాసుకు అడ్డంగా చేతులు చాపింది.

“ఆ తొట్టిలనా? లేచినంక మళ్ల నా మొఖం చూస్తడా?”

“ముందు లేవనియ్ అక్కా!”

పాస్టర్ ఎబినేజర్ తెల్లటి అంగీతోనే తొట్టిలోకి దూకేశారు. “కోపమొస్తే నన్ను తిట్టుకుంటడు తీ. పట్టుండ్రి!”

నలుగురు పట్టి వాసును నీళ్లలోకి దించారు. చేపల కొట్టు సోని ఐసు పెట్టె మోసుకొచ్చి, గోదావరి చేపల్ని పక్కన పడేసి, ఐసంతా తొట్టిలో కుమ్మరించింది. నీచు వాసన గుప్పుమంది.

“తల మునగనియ్యకక్కా. నీళ్లు మింగితే ఇంకో లొల్లి.”

ఆరాధన వాసు తలను రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంది. ఎన్ని ఎండాకాలాలు! బండలు పగిలే ఎండలో గనిలో దిగి కూడా ఈ మనిషి నవ్వుతూ ఇంటికొచ్చాడంటే, ఈ తలలోని ఆ బాదం గింజ చలవే. చెమట పట్టించి, దాహం పుట్టించి, ఒక్కనాడూ సెలవు పెట్టకుండా కాపాడుకొచ్చింది. ఆమె ఇన్నేళ్లూ ఆ తలను మొండి తల అని తిట్టింది. ఇప్పుడు దాన్ని చంటిబిడ్డలా పొదివి పట్టుకుంది.

కాసేపటికి వాసు దవడలు టకటకా కొట్టుకున్నాయి. ఒళ్లంతా వణుకు మొదలైంది.

“అయ్యో, వణుకుతుండు! తియ్యుండ్రి!”

మధులత మాత్రం గట్టిగా నవ్వింది. “వణకనియ్ అక్కా! చలైతుందని మెదడుకు తెలిసింది. ఇన్‌చార్జి మళ్ల డ్యూటీ ఎక్కిండు!” థర్మామీటర్ చూసింది. నూట రెండు. “ఇగ చాలు. తెలివి ఎట్లున్నదో చూసి బయటికి తీద్దాం.”

వాసు కళ్లు తెరిచాడు.

“అన్నా, నీ పేరేంది?”

అతని చూపు నీళ్ల మీదికి పోయింది. అక్కణ్నుంచి తడిసి ముద్దయిన పాస్టర్ మీదికి, తొట్టి గోడ మీదికి.

“అన్నా, పేరు చెప్పు. నీ పేరు.”

పెదవులు కదిలాయి, మాట రాలేదు. మధులత ముఖంలో నవ్వు పోయింది. మెదడు దెబ్బతిన్నదేమో! ఆరాధనకు దుఃఖం ఆగలేదు.

“నీ పేరు చెప్పయ్యా... నీ కాళ్లు మొక్కుత, ఒక్కసారి చెప్పు!”

వాసు మళ్లీ తొట్టి నీళ్ల వైపు చూశాడు. అప్పుడు నెమ్మదిగా అడిగాడు.

“నా తల మునిగిందా?”

“లేదన్నా. అక్క పట్టుకునే ఉన్నది.”

“అట్లయితే వాసునే.”